హెరాల్డ్ హ్యూస్

హెరాల్డ్ ఎవరెట్ హ్యూస్ (ఫిబ్రవరి 10, 1922 - అక్టోబర్ 23, 1996) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ రాజకీయ నాయకుడు. ఆయన 1963 నుండి 1969 వరకు అయోవా రాష్ట్ర గవర్నరుగాను, 1969 నుండి 1975 వరకు అమెరికా సెనేట్ సభ్యుడుగాను పనిచేశాడు. యౌవనంలో తాగుడుకు బానిసై ప్రాణాలు తీసుకోవడానికి సిద్ధపడిన ఈయన, అనంతర కాలంలో మద్య వ్యసనాన్ని నేరంగా కాక వ్యాధిగా గుర్తించి చికిత్స అందించే బాధ్యతను కేంద్ర ప్రభుత్వంపై ఉంచిన 1970 నాటి చట్టానికి రూపకర్త అయ్యాడు. ఈ చట్టాన్ని ఆయన పేరు మీదుగానే హ్యూస్ చట్టం అని వ్యవహరిస్తారు. అమెరికాలో మద్య వ్యసన చికిత్సకు ఏర్పడిన తొలి ప్రత్యేక కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ మద్య దుర్వినియోగ, మద్య వ్యసన సంస్థ ఈ చట్టం వల్లనే పుట్టింది.

బాల్యం, విద్య

హ్యూస్ అయోవా రాష్ట్రపు పశ్చిమ భాగంలోని ఐడా గ్రోవ్ అనే చిన్న పట్టణానికి సమీపంలో జన్మించాడు. తల్లిదండ్రులు లూయిస్ హ్యూస్, ఎట్టా హ్యూస్. వీరిది మెథడిస్టు క్రైస్తవ సంప్రదాయానికి చెందిన సామాన్య కుటుంబం. హ్యూస్ బాల్యమంతా 1930 దశకపు ఆర్థిక మాంద్యం రోజులలో గడిచింది. అన్న జెస్సీ అంటే ఆయనకు మిక్కిలి ప్రేమ. విద్యార్థి దశలో హ్యూస్ మంచి దేహదారుఢ్యంతో ఫుట్‌బాల్ క్రీడాకారుడుగా పేరు తెచ్చుకున్నాడు. ఆ నైపుణ్యం వల్లనే అయోవా విశ్వవిద్యాలయంలో ప్రవేశం లభించింది. అయితే చదువు ఒక సంవత్సరం మాత్రమే సాగింది. 1941లో ఈవా మెర్సర్‌ను వివాహమాడి చదువుకు స్వస్తి చెప్పాడు. ఈ దంపతులకు ముగ్గురు కుమార్తెలు కలిగారు.

1942లో అన్న జెస్సీ కారు ప్రమాదంలో మరణించాడు. ఈ దుఃఖం హ్యూస్‌ను జీవితాంతం వెంటాడింది.

యుద్ధకాలం

రెండవ ప్రపంచ యుద్ధంలో హ్యూస్ సాధారణ సైనికుడుగా ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, ఇటలీ రంగాలలో పోరాడాడు. ఒక అధికారిపై చేయి చేసుకున్నందుకు సైనిక న్యాయస్థానం ఆయనను విచారించి శిక్షించింది. అటు పిమ్మట సిసిలీ యుద్ధంలోను, ఇటలీ తీరంలోని ఆంజియో వద్ద జరిగిన భీకర పోరాటంలోను పాల్గొన్నాడు. యుద్ధానికి ముందే మొదలైన తాగుడు అలవాటు యుద్ధకాలంలో మరింత ముదిరింది. ఇంటికి తిరిగివచ్చేనాటికి అది ఆయన అదుపు దాటిపోయింది.

తాగుడు, పతనం, మలుపు

యుద్ధం ముగిసిన తరువాత హ్యూస్ లారీ డ్రైవరుగా పనిచేసి, క్రమంగా ఒక రవాణా సంస్థలో మేనేజరు అయ్యాడు. పనిలో సమర్థుడని పేరుండేది. కాని తాగుడు మొదలుపెడితే రోజుల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. మానివేస్తానని భార్యకు మాట ఇవ్వడం, కొద్ది రోజులకే ఆ మాట తప్పడం పరిపాటి అయింది. ఆ రోజులలో ఐడా గ్రోవ్ వంటి చిన్న పట్టణంలో తాగుబోతుకు వైద్యం చేసే ఏర్పాటు ఏదీ లేదు. మితిమీరినవానికి మిగిలేవి రెండే చోట్లు: జైలు, లేదా పిచ్చాసుపత్రి.

1952లో ఒక రాత్రి హ్యూస్ తుపాకీతో ప్రాణం తీసుకోవడానికి సిద్ధపడ్డాడు. చివరి క్షణంలో ఆ ప్రయత్నం విరమించి, విలపిస్తూ దేవుని ప్రార్థించాడు. తన జీవితం ఆ క్షణాన మలుపు తిరిగిందని ఆయన తరువాతి కాలంలో పలుమార్లు తెలియజేశాడు. అయితే ఆ మలుపు ఒక్క రాత్రిలో పూర్తి కాలేదు. రెండేళ్ళ తరువాత, 1954లో, ఆయన మరల తాగాడు. అటుపై ఆల్కహాలిక్స్ అనానిమస్ పద్ధతిని ఆశ్రయించి నిలదొక్కుకున్నాడు. తాగుడు మానినవారు కలుసుకుని, ఒకరికొకరు తోడుగా నిలిచే ఈ సంఘం అమెరికాలో 1935లో ప్రారంభమైంది. 1955లో హ్యూస్ స్వయంగా ఐడా గ్రోవ్‌లో ఇటువంటి బృందాన్ని ఆరంభించాడు. ఊరిలో తాగుడుతో బాధపడేవారి ఇళ్ళకు వెళ్ళి, వారితో మాట్లాడి, సమావేశాలకు తీసుకురావడం ఆయనకు నిత్యకృత్యమైంది.

రాజకీయ ప్రవేశం

చిన్న లారీ యజమానుల కష్టాలు హ్యూస్‌కు స్వయంగా తెలుసు. వారి ప్రయోజనాల కోసం అయోవా బెటర్ ట్రకింగ్ బ్యూరో అనే సంస్థను నెలకొల్పాడు. రవాణా నియంత్రణ బాధ్యతలు చూసే రాష్ట్ర వాణిజ్య కమిషను తీరుపై అసంతృప్తితో, దానిని మార్చాలంటే అందులో స్థానం సంపాదించడమే మార్గమని భావించాడు. మొదట రిపబ్లికన్ పార్టీకి చెందిన ఆయన డెమొక్రటిక్ పార్టీలో చేరి, 1958లో ఆ కమిషనుకు ఎన్నికయ్యాడు. 1960లో గవర్నరు పదవికి పార్టీ అభ్యర్థిత్వం కోరి విఫలుడయ్యాడు. రెండేళ్ళ తరువాత అభ్యర్థిత్వం పొంది, అప్పటి గవర్నరు నార్మన్ ఎర్బీని ఓడించాడు.

ఆ ఎన్నికలలో ప్రధానాంశం మద్యమే కావడం గమనార్హం. అప్పటి అయోవా చట్టం ప్రకారం ఘాటు మద్యాన్ని ప్రభుత్వ దుకాణాలలో సీసాల రూపంలోనే అమ్మాలి. హోటళ్ళలో గ్లాసుల లెక్కన అమ్మడం నిషిద్ధం. కాని రాష్ట్రమంతటా ఈ నిషేధాన్ని బాహాటంగా ఉల్లంఘించేవారు, అధికారులు చూసీ చూడనట్లు ఊరుకునేవారు. పాటించని చట్టం ప్రజలకు కపటాన్నే నేర్పుతుందని హ్యూస్ వాదించాడు. తాను మద్యం ముట్టని వ్యక్తి అయివుండీ గ్లాసుల లెక్కన అమ్మకాన్ని చట్టబద్ధం చేసి, దానిని ఖచ్చితంగా నియంత్రించాలని కోరాడు. 1963లో ఆ మేరకు చట్టం వచ్చింది. తాగుడు సమస్యకు పరిష్కారం నిషేధంలో లేదని, వ్యాధిగ్రస్తునికి చికిత్స అందించడంలో ఉందని ఆయన అభిప్రాయం.

గవర్నరుగా

హ్యూస్ 1963 జనవరిలో గవర్నరు పదవి చేపట్టి, 1964, 1966 ఎన్నికలలో కూడా గెలిచాడు. అప్పట్లో అయోవా గవర్నరు పదవీకాలం రెండేళ్ళు. 1965లో మరణశిక్షను రద్దు చేసే చట్టంపై ఆయన సంతకం చేశాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1963 మార్చిలో, కేంద్ర చట్టం కింద విక్టర్ ఫెగ్వెర్ అనే ఖైదీని అయోవాలో ఉరితీయబోయినప్పుడు, క్షమాభిక్ష ప్రసాదించమని అధ్యక్షుడు జాన్ కెన్నెడీని కోరి విఫలుడయ్యాడు. రాష్ట్ర పౌరహక్కుల కమిషను, వృత్తివిద్యను అందించే సామాజిక కళాశాలల వ్యవస్థ కూడా 1965లోనే ఏర్పడ్డాయి. తాగుడు బాధితులకు సలహా, చికిత్స, ఉపాధి సహాయం ఒకేచోట అందేలా, పేదరిక నిర్మూలనకై కేంద్రం ఇచ్చే నిధులతో ఒక సమగ్ర పథకాన్ని కూడా ఆయన హయాంలో ప్రారంభించారు.

1964 ఎన్నికల ప్రచారం ఆయన రాజకీయ జీవితానికి పెద్ద పరీక్ష. హ్యూస్ అంతవరకు తాను 1952 నుండి తాగలేదని చెబుతూ వచ్చాడు. ప్రత్యర్థి ఇవాన్ హల్ట్‌మన్ 1954 నాటి సంఘటనను బయటపెట్టి, గవర్నరు ప్రజలకు అబద్ధం చెప్పాడని ఆరోపించాడు. పూర్వపు తాగుబోతు అన్న ముద్ర ఎవరి రాజకీయ జీవితానికైనా ముగింపు పలకగలిగిన కాలమది. హ్యూస్ ఆ ఆరోపణను కాదనలేదు. 1954లో తిరిగి తాగిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. తాను మద్య వ్యసన రోగినేనని, తాగకపోయినా మరణించేదాకా ఈ వ్యాధి తనతోనే ఉంటుందని ప్రజలకు వివరించాడు. ఓటర్లు ఆయనను శిక్షించలేదు. పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులకు పైగా సాధించి ఘనవిజయం పొందాడు. నిజాన్ని బహిరంగంగా ఒప్పుకున్నప్పుడు ప్రజలు అర్థం చేసుకోగలరన్న నమ్మకం ఆయనకు ఈ అనుభవంతో కలిగింది. సెనేట్‌లో ఆయన అనుసరించిన పద్ధతికి ఈ నమ్మకమే మూలం.

అప్పటి చికిత్సా వ్యవస్థ

హ్యూస్ సాధించిన మార్పును గ్రహించాలంటే అంతకుముందు ఉన్న పరిస్థితిని తెలుసుకోవాలి. మత్తుమందుల బానిసల కోసం కేంద్ర ప్రజారోగ్య శాఖ 1935లో కెంటకీ రాష్ట్రపు లెక్సింగ్టన్‌లోను, 1938లో టెక్సాస్ రాష్ట్రపు ఫోర్ట్ వర్త్‌లోను రెండు వైద్యశాలలను ప్రారంభించింది. ఇవి సగం ఆసుపత్రి, సగం జైలు అన్నట్లుగా నడిచేవి. శిక్షపడిన ఖైదీలు, స్వచ్ఛందంగా చేరినవారు ఒకే ఆవరణలో ఉండేవారు. మద్య వ్యసనానికి ఆపాటి ఏర్పాటు కూడా కేంద్రస్థాయిలో లేదు. అమెరికా వైద్య సంఘం 1956లో మద్య వ్యసనాన్ని ఆసుపత్రులలో చికిత్స చేయదగిన వ్యాధిగా గుర్తించినా, అనేక ఆసుపత్రులు తాగుడు రోగులను చేర్చుకునేవి కావు.

బహిరంగంగా తాగి కనిపించడం చాలా రాష్ట్రాలలో నేరం. నేరాలపై అధ్యక్షుడు నియమించిన సంఘం 1967లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 1965లో ఈ నేరం కింద సుమారు 20 లక్షల అరెస్టులు జరిగాయి. అంటే దేశంలో జరిగిన ప్రతి మూడు అరెస్టులలో ఒకటి తాగుడుకు సంబంధించినదే. పట్టుబడినవారిని రాత్రికి జైలులో ఉంచి, కొన్ని రోజుల శిక్ష విధించి వదిలేవారు. వారే మరల మరల పట్టుబడేవారు. ఉత్తర కరోలినా రాష్ట్రానికి చెందిన జో డ్రైవర్ అనే వ్యక్తికి ఈ విధంగా 200 పర్యాయాలకు పైగా శిక్షపడింది. 1966లో ఈయన కేసులోను, వాషింగ్టన్ నగరానికి చెందిన ఈస్టర్ అనే మరొకరి కేసులోను, వ్యసన రోగిని వ్యాధి లక్షణానికి శిక్షించరాదని కేంద్ర అప్పీలు న్యాయస్థానాలు తీర్పు చెప్పాయి. కాని 1968లో పావెల్ కేసులో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో ఇటువంటి శిక్షను సమర్థించింది. చికిత్సకు తగిన వసతులు లేని దేశంలో జైలును మాత్రం మూసివేయడం ఎలాగన్న సందేహం ఆ తీర్పులో వ్యక్తమయింది. న్యాయస్థానాల ద్వారా మార్గం మూసుకుపోవడంతో ఈ బాధ్యత చట్టసభపై పడింది.

సెనేట్ ఉపసంఘం

హ్యూస్ 1968లో డేవిడ్ స్టాన్లీపై స్వల్ప ఆధిక్యంతో గెలిచి సెనేట్‌కు ఎన్నికయ్యాడు. 1969లో కార్మిక, ప్రజాసంక్షేమ సంఘం పరిధిలో మద్య వ్యసనం, మత్తుమందుల విషయమై ఒక ప్రత్యేక ఉపసంఘం ఏర్పడింది. కొత్త సభ్యుడైనప్పటికీ హ్యూస్ దానికి అధ్యక్షుడయ్యాడు. వాషింగ్టన్‌లోను, ఇతర నగరాలలోను బహిరంగ విచారణలు నిర్వహించాడు. వైద్యులు, న్యాయమూర్తులు, అధికారులతో పాటు తాగుడునుండి కోలుకున్నవారిని కూడా సాక్ష్యమివ్వడానికి ఆహ్వానించడం ఆయన చేసిన కొత్త పని.

1969 జులైలో జరిగిన విచారణలు దేశం దృష్టిని ఆకర్షించాయి. ఆల్కహాలిక్స్ అనానిమస్ వ్యవస్థాపకులలో ఒకరైన బిల్ విల్సన్, తన సంఘపు అజ్ఞాత నియమాన్ని గౌరవిస్తూనే ఉపసంఘం ముందుకు వచ్చాడు. 1944 నుండి మద్య వ్యసనంపై ప్రజలను చైతన్యపరుస్తున్న మార్టీ మాన్ సాక్ష్యమిచ్చింది. ఆస్కార్ బహుమతి గ్రహీత అయిన నటి మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ తాను ఈ వ్యాధినుండి కోలుకుంటున్నానని బహిరంగంగా ప్రకటించింది. తాగుబోతు అనగానే వీధి పక్కన పడివున్న మనిషి గుర్తుకు వచ్చే రోజులలో, పేరుప్రతిష్ఠలున్నవారు సెనేట్ భవనంలో కూర్చుని తమ అనుభవాలు చెప్పడం సంచలనం కలిగించింది. అధ్యక్ష స్థానంలో కూర్చున్న వ్యక్తి కూడా అటువంటివాడే కావడం సాక్షులకు ధైర్యాన్నిచ్చింది.

1970 నాటి చట్టం

హ్యూస్ ప్రతిపాదించిన బిల్లు పూర్తి పేరు సమగ్ర మద్య దుర్వినియోగ, మద్య వ్యసన నివారణ, చికిత్స, పునరావాస చట్టం. 1970 ఆగస్టులో సెనేట్, డిసెంబరులో ప్రతినిధుల సభ దీనిని ఆమోదించాయి. ఇందులోని ముఖ్యాంశాలు:

- మద్య వ్యసనానికి సంబంధించిన కేంద్ర కార్యక్రమాలు నిర్వహించడానికి జాతీయ మద్య దుర్వినియోగ, మద్య వ్యసన సంస్థ ఏర్పాటు.
- ప్రతి రాష్ట్రంలోను ఈ పనికి బాధ్యత వహించే ఒక ప్రభుత్వ విభాగాన్ని గుర్తించి, ప్రణాళిక సమర్పిస్తే, జనాభా, అవసరం, ఆర్థికస్థితిని బట్టి నిధులు.
- స్థానిక చికిత్సా కేంద్రాలకు, శిక్షణకు, పరిశోధనకు విడిగా సహాయం.
- కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులలో తాగుడు బాధితులకు చికిత్సా సదుపాయం. పూర్వం వ్యసనపరుడన్న ఒక్క కారణంతో ఉద్యోగం నిరాకరించరాదన్న నిబంధన.
- కేంద్ర నిధులు పొందే ఆసుపత్రులు తాగుడు రోగులను ఆ కారణంగా చేర్చుకోకుండా తిప్పిపంపరాదన్న నియమం.
- చికిత్స పొందినవారి వివరాల గోప్యత.

బిల్లు చట్టసభలో నెగ్గినా ప్రమాదం తప్పలేదు. అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ ప్రభుత్వంలోని ఆరోగ్య శాఖకు కొత్త సంస్థ ఏర్పాటు ఇష్టం లేదు. అప్పటికే జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో మద్య వ్యసనానికి ఒక విభాగం ఉన్నదని, అది చాలునని ఆ శాఖ వాదన. అయితే పెద్ద సంస్థలో చిన్న విభాగంగా ఉన్నంతకాలం తాగుడు రోగులకు చివరి స్థానమే దక్కుతుందని, నిధులు ఇతర అవసరాలకు మళ్ళుతాయని హ్యూస్ వాదన. చట్టసభ సమావేశాలు ముగిసిపోతున్న సమయంలో అధ్యక్షుడు సంతకం చేయకుండా ఊరుకుంటే బిల్లు దానంతటదే రద్దయిపోయే అవకాశం ఉంది. ఈ స్థితిలో తాగుడునుండి కోలుకున్న రిపబ్లికన్ పార్టీ ప్రముఖులు ముందుకు వచ్చారు. కాలిఫోర్నియా పారిశ్రామికవేత్త థామస్ పైక్, న్యూయార్క్ దాత బ్రింక్లీ స్మిదర్స్ తమ పలుకుబడిని ఉపయోగించి అధ్యక్షుని సన్నిహితులను ఒప్పించారు. చివరకు 1970 డిసెంబరు 31న నిక్సన్ సంతకం చేశాడు. ఉత్సవమేదీ జరగలేదు. చట్టం అమలులోకి వచ్చిన మూడున్నర వారాలకు, 1971 జనవరి 24న, బిల్ విల్సన్ మరణించాడు.

సంస్థ తొలినాళ్ళు

కొత్త సంస్థ 1971లో పని ప్రారంభించింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనోరోగ వైద్యుడు మారిస్ చాఫెట్జ్ తొలి సంచాలకుడు. అయితే హ్యూస్ కోరుకున్న స్వతంత్ర ప్రతిపత్తి వెంటనే లభించలేదు. రాజీ ఫలితంగా సంస్థను జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ అధీనంలోనే ఉంచారు. చట్టం అనుమతించిన మొత్తానికి, ఏటా బడ్జెటులో నిజంగా కేటాయించిన మొత్తానికి మధ్య అంతరం కూడా ఉండేది. నిధుల కోసం హ్యూస్ ప్రతి సంవత్సరం పోరాడవలసి వచ్చింది.

ఇన్ని ఇబ్బందులున్నా మార్పు త్వరగానే కనిపించింది. నిధుల కోసం రాష్ట్రాలు మద్య వ్యసన విభాగాలను ఏర్పరచాయి. సంస్థ 1971 చివరలో మద్యం, ఆరోగ్యం అన్న అంశంపై చట్టసభకు తొలి ప్రత్యేక నివేదిక సమర్పించింది. అదే సంవత్సరం, బహిరంగంగా తాగి ఉండడాన్ని నేరాల జాబితానుండి తొలగించి, పట్టుబడినవారిని చికిత్సా కేంద్రాలకు పంపే నమూనా చట్టం ఒకటి రాష్ట్రాల కోసం సిద్ధమైంది. 1974లో హ్యూస్ చట్టాన్ని సవరించి, ఆ నమూనాను అనుసరించే రాష్ట్రాలకు అదనపు నిధులు ఇచ్చే ఏర్పాటు చేశారు. తాగినవారిని పోలీసు వాహనంలో జైలుకు కాక, మత్తు దిగేవరకు వైద్య పర్యవేక్షణలో ఉంచే కేంద్రాలకు తీసుకువెళ్ళడం అనేక నగరాలలో మొదలైంది.

1974లోనే మద్య వ్యసన సంస్థను మానసిక ఆరోగ్య సంస్థ అధీనంనుండి తప్పించి, దానితో సమాన హోదా కల్పించారు. మద్యం, మాదకద్రవ్యాలు, మానసిక ఆరోగ్యం అనే మూడు రంగాల సంస్థలపై ఒకే ఉమ్మడి పాలనా విభాగం ఏర్పడింది. హ్యూస్ నాలుగేళ్ళ కిందట కోరిన ప్రతిపత్తి ఆయన సెనేట్‌ను వీడే ముందు ఈ విధంగా సిద్ధించింది.

మాదకద్రవ్యాల చికిత్స

హ్యూస్ ఉపసంఘం మాదకద్రవ్యాల సమస్యను కూడా పరిశీలించింది. వియత్నాం యుద్ధంలో ఉన్న అమెరికా సైనికులలో హెరాయిన్ వాడకం పెరగడం ఆ రోజులలో పెద్ద ఆందోళన కలిగించింది. పట్టుబడిన సైనికులను అప్రతిష్ఠతో తొలగించి ఇంటికి పంపడం వల్ల వ్యాధి దేశంలోకి వస్తుందే గాని నయం కాదని హ్యూస్ వాదించాడు. 1971 జూన్‌లో నిక్సన్ అధ్యక్ష భవనంలో ఒక ప్రత్యేక కార్యాలయాన్ని నెలకొల్పి, మెథడోన్ చికిత్సలో అనుభవమున్న డాక్టర్ జెరోమ్ జాఫేను దానికి అధిపతిగా నియమించాడు. 1972 మార్చిలో వచ్చిన మాదకద్రవ్యాల చికిత్సా చట్టం ఈ కార్యాలయానికి చట్టబద్ధత కల్పించడమే గాక, జాతీయ మాదకద్రవ్య దుర్వినియోగ సంస్థ ఏర్పాటుకు దారితీసింది. ఈ చట్ట రూపకల్పనలో కూడా హ్యూస్ ప్రధాన పాత్ర వహించాడు.

ఇతర రాజకీయ కార్యక్రమాలు

హ్యూస్ వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించాడు. 1968 డెమొక్రటిక్ పార్టీ మహాసభలో అధ్యక్ష పదవికి యూజీన్ మెకార్తీ పేరును ఆయనే ప్రతిపాదించాడు. సెనేట్ సాయుధ దళాల సంఘ సభ్యుడుగా, కంబోడియాపై రహస్యంగా జరిగిన బాంబుదాడులను 1973లో వెలుగులోకి తీసుకురావడంలో ముఖ్య పాత్ర వహించాడు. విదేశాలలో జరిపే రహస్య కార్యకలాపాలను అధ్యక్షుడు చట్టసభ సంఘాలకు తెలియజేయాలన్న 1974 నాటి హ్యూస్-రయాన్ సవరణకు ఈయన, ప్రతినిధుల సభ సభ్యుడు లియో రయాన్ కర్తలు. 1972 అధ్యక్ష ఎన్నికలకు పోటీ చేయాలని కొంతకాలం ఆలోచించి, 1971లో ఆ ప్రయత్నం విరమించుకున్నాడు.

రాజకీయాలనుండి విరమణ

తిరిగి గెలిచే అవకాశాలు మెండుగా ఉన్నా, సెనేట్‌కు మరల పోటీ చేయనని హ్యూస్ 1973లో ప్రకటించాడు. 1975 జనవరిలో పదవీకాలం ముగిసిన పిమ్మట మతసేవకు అంకితమయ్యాడు. నిక్సన్ సన్నిహితుడైన చార్లెస్ కోల్సన్ వాటర్‌గేట్ కుంభకోణంలో చిక్కుకున్నప్పుడు, ఒకప్పుడు తనకు ఏమాత్రం గిట్టని ఆ వ్యక్తికి హ్యూస్ మిత్రుడై అండగా నిలిచాడు. జైలునుండి విడుదలైన కోల్సన్ 1976లో ఖైదీల సేవ కోసం ఒక సంస్థను స్థాపించాడు. హ్యూస్ ఆత్మకథ 1979లో ప్రచురితమైంది. దాని పేరుకు ఐడా గ్రోవ్‌నుండి వచ్చిన మనిషి అని అర్థం.

సంస్థలో తరువాతి మార్పులు

హ్యూస్ నెలకొల్పిన వ్యవస్థ తరువాతి కాలంలో పలు మార్పులకు లోనయింది. 1981లో అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ ప్రభుత్వం మద్యం, మాదకద్రవ్యాలు, మానసిక ఆరోగ్య సేవలకు విడివిడిగా ఇచ్చే నిధులను కలిపి, ఒకే మొత్తంగా రాష్ట్రాలకు అప్పగించే పద్ధతి ప్రవేశపెట్టింది. దీనితో చికిత్సా కేంద్రాలకు నేరుగా సహాయం చేసే పని మద్య వ్యసన సంస్థ చేజారి, పరిశోధనే దాని ప్రధాన కర్తవ్యమైంది. 1992లో ఉమ్మడి పాలనా విభాగాన్ని రద్దు చేశారు. మద్య వ్యసన సంస్థ, మాదకద్రవ్య సంస్థ, మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధనా సంస్థలుగా జాతీయ ఆరోగ్య సంస్థల సముదాయంలో చేరాయి. చికిత్సా సేవల కోసం వ్యసన, మానసిక ఆరోగ్య సేవల పాలనా సంస్థ కొత్తగా ఏర్పడింది. వ్యసన చికిత్సా కేంద్రం దానిలో ఒక భాగం. హ్యూస్ ఒకే కప్పు కింద ఉంచదలచిన పరిశోధన, చికిత్స ఈ విధంగా వేరుపడ్డాయి.

అయితే 1970 చట్టంలోని మౌలికాంశాలు కొన్ని నిలిచాయి. ప్రతి రాష్ట్రంలోను వ్యసన చికిత్సకు బాధ్యత వహించే ఒక ప్రభుత్వ విభాగం ఉండాలన్న పద్ధతి కొనసాగింది. రోగుల వివరాల గోప్యతకు సంబంధించిన నిబంధనలు కేంద్ర నిబంధనల సంపుటిలోని 42వ శీర్షిక 2వ భాగంలో చోటుచేసుకున్నాయి. 2024లో సవరించినప్పటికీ, రోగి సమ్మతి లేదా కోర్టు ఉత్తర్వు లేకుండా ఆ వివరాలను అతనిపై కోర్టులో వాడరాదన్న మూలసూత్రం మారలేదు.

చివరి దశ, మరణం

1980 దశకంలో చికిత్సకు ప్రభుత్వ సహాయం తగ్గిపోవడం హ్యూస్‌ను కలవరపరచింది. కోలుకున్నవారు లక్షల సంఖ్యలో ఉన్నా, అజ్ఞాతంగా ఉండడం వల్ల వారి గొంతు ప్రభుత్వానికి వినిపించడం లేదని భావించాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అజ్ఞాత నియమం ఆ సంఘ సభ్యత్వానికే గాని, తాను రోగినని చెప్పుకోవడానికి అడ్డు కాదని వివరించేవాడు. ఈ ఆశయంతో 1990 దశకం తొలినాళ్ళలో సొసైటీ ఆఫ్ అమెరికన్స్ ఫర్ రికవరీ అనే సంస్థను స్థాపించి, దేశమంతటా పర్యటించి సభలు జరిపాడు. అనారోగ్యం, నిధుల కొరత వల్ల అది ఎంతోకాలం నిలువలేదు. అయినా కోలుకున్నవారు బహిరంగంగా సంఘటితమై హక్కులు కోరే ఉద్యమానికి ఆ సంస్థ దారి చూపింది.

వ్యక్తిగత జీవితంలో హ్యూస్‌కు చివరి దశ ప్రశాంతంగా సాగలేదు. 1987లో భార్య ఈవాతో 46 సంవత్సరాల వివాహబంధం విడాకులతో ముగిసింది. అదే సంవత్సరం జూలియన్ హోమ్‌ను వివాహం చేసుకున్నాడు. హ్యూస్ 1996 అక్టోబరు 23న అరిజోనా రాష్ట్రంలోని గ్లెండేల్‌లో 74వ ఏట మరణించాడు. ఆయన భౌతికకాయాన్ని స్వస్థలమైన ఐడా గ్రోవ్‌లో ఖననం చేశారు. తాగుడు రోగికి జైలు, పిచ్చాసుపత్రి తప్ప మరో చోటులేని రోజులలో ఆయన తొలి బృందాన్ని కూడగట్టిన ఊరు అదే.